చెప్పనంటే చెప్పనన్న పిల్ల

2023 వేసవి నాటి సంగతి ఇది. కృత్తివెన్ను రోడ్డు మీద, చుట్టూ రొయ్యల చెరువులున్న చోట మాదొక చిన్న ఆక్వా ల్యాబు. ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ఒక ఏసీ, ఒక మైక్రోస్కోపు, రొయ్య కండ ముక్కలో వైరస్ ఉందో లేదో చెప్పే పీసీఆర్ మిషను. రైతులు చెరువు నీళ్ళు సీసాల్లోనూ రొయ్యల్ని ఆక్సిజన్ కవర్లలోనూ తెస్తారు. నీటిలో ఉప్పదనం సరిపోయిందా, రొయ్యకు తెగులు ఏమైనా సోకిందా అని చూసి చెప్పడం మా పని. బందరు నుంచి రోజూ వెళ్ళి వస్తూ ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనే చేస్తున్నాను.

ఈ వృత్తి తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. రొయ్యల చెరువు రైతుకు పురిటి బిడ్డతో సమానం. తెల్లవారేసరికి నీటిలో ఆక్సిజన్ పడిపోవచ్చు. పక్క చెరువులోంచి ఒక్క ఎండ్రకాయ పాక్కుంటూ వచ్చి వైట్ స్పాట్ అంటించవచ్చు. వైట్ స్పాట్ అంటే రొయ్య డొప్ప మీద తెల్లమచ్చలు తేలి, చూస్తుండగానే చెరువంతా ఊడ్చుకుపోయే తెగులు. అందుకే చెరువు చుట్టూ వల కంచె కడతారు, కాకులు వాలకుండా పైన దారాలు లాగుతారు, గట్టెక్కేచోట కాళ్ళు ముంచడానికి మందునీళ్ళ తొట్టి పెడతారు. ఇవి కాక, చాలా చెరువుల దగ్గర ఏ బోర్డు మీదా రాయని కట్టుబాటు ఇంకొకటి ఉంటుంది. నెలసరిలో ఉన్న ఆడవాళ్ళు గట్టెక్కకూడదు. ఎక్కితే రొయ్య చచ్చిపోతుందని నమ్మకం. ఆ గొడవెందుకని చాలా ల్యాబులు చెరువు దగ్గరికి వెళ్ళి శాంపిల్ తెచ్చే పనికి మగవాళ్ళనే పెట్టుకునేవి. మా దగ్గరా అంతే.

మౌనిక వచ్చాక అది మారింది. ఆమెది దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక పల్లె. ఫిషరీస్ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసింది. పెడనలో పిన్నిగారింట్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటూ మా దగ్గరికి వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉండేది. గొంతు మాత్రం ఖంగుమనేది. ల్యాబులో కూర్చునే పని ఇస్తానంటే ఒప్పుకోలేదు.

"చెరువు చూడకుండా సీసాలో నీళ్ళు చూసి ఏం చెప్తామండీ? నన్ను శాంపిల్స్‌కి పంపండి మేడం," అంది.

నాకు ముచ్చటేసింది. నా చదువు రోజుల్లో బందరులో ఒక టీచరు గారింట్లో ఆదివారాలు కొంతమంది అమ్మాయిలం చేరి స్త్రీల హక్కుల గురించి పుస్తకాలు చదువుకునేవాళ్ళం, గట్టిగా వాదించుకునేవాళ్ళం. అప్పటినుంచీ నన్ను నేను ఫెమినిస్టునని చెప్పుకుంటూనే ఉన్నాను. స్కూలు మాస్టారైన మా నాన్నగారు మొదట కంగారుపడ్డారు, తరవాత అలవాటుపడ్డారు. ఆ పేరు కోసం చుట్టాల్లో, కాలేజీలో నేను పడ్డ మాటలు తక్కువేం కాదు. అందుకేనేమో ఆ పేరంటే నాకు ప్రాణం. మౌనికను చూడగానే ఈ పిల్ల మా జాతిదే అనుకున్నాను.

ఆమె చేరిన కొత్తల్లోనే మహిళా దినోత్సవానికి బందరులో ఒక ఆడపిల్లల కాలేజీ వాళ్ళు నన్ను పిలిచారు. మౌనికను కూడా తీసుకెళ్ళాను. నా ప్రసంగం అయ్యాక ఒక విద్యార్థిని లేచి మౌనికను అడిగింది.

"అక్కా, మీరు మగవాళ్ళ పని చేస్తున్నారు కదా. మీరు ఫెమినిస్టా?"

"కాదు చెల్లీ," అంది మౌనిక తడుముకోకుండా.

హాలంతా చప్పట్లు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. అంతకు ముందే ఆ మాట గురించి అరగంట పైగా మాట్లాడి దిగాను నేను. తిరిగి వచ్చేటప్పుడు పెడన దగ్గర కారాపి టీ తాగుతుంటే అడక్కుండా ఉండలేకపోయాను.

"అదేంటి, అంత ఠక్కున కాదనేశావు?"

"అడిగారు కదండీ, ఉన్నది చెప్పాను."

"నీకు మగపిల్లలతో సమానంగా జీతం కావాలా?"

"కావాలండి."

"శాంపిల్స్‌కి వెళ్ళద్దంటే ఊరుకుంటావా?"

"ఊరుకోను."

"మరి దాన్నేగా ఫెమినిజం అనేది?"

గ్లాసు వైపు చూస్తూ నవ్వింది. "ఏమోనండి. ఆ పేరు మాత్రం నాకొద్దు," అంది.

నేనిక పొడిగించలేదు. లోపల మాత్రం నొచ్చుకున్నాను. మేము కొట్లాడి తెచ్చుకున్నవన్నీ ఈ పిల్లలకు కావాలి, మా పేరు మాత్రం అక్కర్లేదు కాబోలు అనుకున్నాను.

మా ఖాతాదారుల్లో వెంకటరత్నం గారని ఒక రైతు ఉండేవారు. కృత్తివెన్ను అవతల చెరువులు లీజుకు తీసుకుని సాగు చేసేవారు. నెమ్మదస్తుడు, నాకన్నా పెద్దవాడు. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవారు. ఆయన చెరువు మొదటిసారి చూడడానికి వెళ్ళినప్పుడే మందునీళ్ళ తొట్టి దగ్గర మౌనికను ఆపారట.

"ఏమనుకోమాకమ్మా. బయట లేవుగా?" అని అడిగారట. బయట ఉండటమంటే నెలసరే.

ఆ రోజు లేనని చెప్పి గట్టెక్కింది. రెండోసారీ అడిగారు. మూడోసారి వెళ్ళాల్సిన రోజు దగ్గరపడుతుంటే నా దగ్గరికి వచ్చి నిలబడింది. మొహం ఎర్రబడి ఉంది.

"మేడం, అడిగిన ప్రతిసారీ నాకు ఒంటి మీద బట్ట లేనట్టుంటుంది," అంది.

నాకు కోపం ఆగలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని, ఆయన శాంపిల్స్ ఇక మనకొద్దు, ఇప్పుడే కడిగేస్తానన్నాను.

"వద్దండి. మీరు మాట్లాడితే అది మీకూ ఆయనకీ గొడవవుద్ది. ఆయన ఇంకో ల్యాబుకి వెళ్తారు. అక్కడ మళ్ళీ మగవాళ్ళే ఉంటారు. అడిగింది నన్ను కాబట్టి నేనే చెప్తాను," అంది.

ఏం చెప్తుందో నాకు తెలియలేదు. అడిగినా చెప్పలేదు.

కొద్దిరోజులకు వెంకటరత్నం గారి చెరువు పట్టుబడికొచ్చింది. పట్టుబడంటే పెరిగిన రొయ్యను వల లాగి బయటికి తీసే రోజు. మా వృత్తిలో అంతకన్నా హడావుడి రోజు ఉండదు. ఐసు నింపిన లారీ వచ్చి ఆగుతుంది. కొనేవాళ్ళ మనుషులు తూకం కాటాతో దిగుతారు. గట్టు మీద టార్పాలిన్ వేసి, కూలికి వచ్చిన ఆడవాళ్ళు మెత్తబడినవీ విరిగినవీ ఏరి పక్కన వేస్తారు. దీన్నే గ్రేడింగ్ అంటారు. వలలోంచి తీసిన రొయ్యను వెంటనే ఏరి ఐసులో వేయాలి. ఎండ ఎక్కేకొద్దీ మెత్తబడి ధర పడిపోతుంది. పట్టుబడి రోజు రొయ్య ఆరోగ్యం చూసి చెప్పమని ఆయన కోరడంతో నేను కూడా మౌనికతో వెళ్ళాను.

మేం వెళ్ళేసరికి తూర్పున ఎర్రబడుతోంది. గట్టు కింద గ్రేడింగ్ ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళందరినీ పిలుచుకొచ్చే పెద్ద దిక్కు సామ్రాజ్యం. అరవై దాటిన మనిషి. చెవులకు పాత దిద్దులు, కొంగు నడుముకు బిగించి ఉంది. ఆమె పక్కన కోడలు దుర్గ. దుర్గ కిందటి పట్టుబడి రోజు అడిగితే నిజం చెప్పిందట. వెనక్కి పంపేశారు. ఆ రోజు కూలి పోయిందనే బాధ కన్నా, అంతమంది మగవాళ్ళ ముందు ఒంటరిగా నడుచుకుంటూ వెనక్కి వెళ్ళడమే తలకొట్టేసినట్టయిందని మౌనికతో చెప్పుకుందట. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి.

వెంకటరత్నం గారు తొట్టి దగ్గర నిలబడ్డారు. అప్పటికే వల లాగడం మొదలైంది. రొయ్యలు నీటి మీద చిటపటలాడుతున్నాయి.

"అమ్మా, బయటున్నోళ్ళెవరైనా ఉంటే గట్టెక్కమాకండి. ముందు నువ్వు చెప్పమ్మా మౌనికా," అన్నారు.

మౌనిక శాంపిల్ పెట్టె కింద పెట్టింది.

"చెప్పనండి," అంది.

ఆయనకు అర్థం కాలేదు. "చెప్పకపోవడమేంటి? ఉంటే ఉన్నాననీ, లేకపోతే లేదనీ అంటే అయిపోద్ది గదా?"

"ఉన్నా చెప్పను, లేకపోయినా చెప్పనండి. అది అడిగే మాట కాదు బాబాయ్ గారూ. మీరు తొట్టిలో కాళ్ళు ముంచమనండి, ముంచుతాను. చేతులు కడుక్కోమనండి, కడుక్కుంటాను. ఇది మాత్రం చెప్పను."

గొంతు పెంచలేదు. ఆయన్ని బాబాయ్ అనే పిలిచింది. నేను ముందుకు అడుగేయబోయాను. మనసులో పెద్ద ఉపన్యాసమే తయారైంది. మౌనిక నా వైపు చూసి, వద్దన్నట్టు తల చిన్నగా ఊపింది. ఆగిపోయాను.

వెంకటరత్నం గారు విసుగ్గా సామ్రాజ్యం వైపు తిరిగారు. "పిల్లతో నాకెందుకులే. సామ్రాజ్యం, నీ వాళ్ళ సంగతి నువ్వు చెప్పు. ఎక్కండి పైకి, ఎండొస్తుంది."

సామ్రాజ్యం కదల్లేదు. కోడలి వైపు చూసింది. దుర్గ తల వంచుకుని చీర కుచ్చిళ్ళు నలుపుతోంది. అప్పుడు ఆ పెద్దావిడ కొంగు ఇంకా బిగించి అంది.

"నేనూ చెప్పను బాబూ."

ఆయన నోరు తెరిచారు. "నువ్వేం చెప్తావే సామ్రాజ్యం! నీకు మనవరాలు పెద్దమనిషయింది!"

"అయితే అయింది. నాకున్నదో లేదో మీకెందుకు? చెప్పనంటే చెప్పను."

వల దగ్గరున్న మగవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆడవాళ్ళ గుంపులోంచి ఒక గొంతు "నేనూ చెప్పను" అంది. వెనకనుంచి ఇంకొకటి లేచింది. చివరికి దుర్గ తలెత్తి, "నేనూ చెప్పనండి," అంది.

వెంకటరత్నం గారు దిక్కుతోచక నా వైపు తిరిగారు. "చెల్లెమ్మా, మీరైనా పైకి రండి. పెద్దవారు, మిమ్మల్ని అడిగేదేముంది?"

అప్పటికి నా జుట్టు సగం తెల్లబడింది. అయినా ఆ అవకాశం వదులుకోదలచుకోలేదు.

"నన్నూ అడగండన్నయ్యా. నేనూ చెప్పను," అన్నాను.

ఈసారి అందరూ నవ్వారు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు వాలి నవ్వారు. వలవాళ్ళు తాడు వదిలేసి నవ్వారు. లారీ మీదినుంచి కొనేవాళ్ళ మనిషి అరిచాడు. "ఏవండీ, మీ పంచాయితీ తేలేసరికి రొయ్య మెత్తబడిపోద్ది! తీస్తారా, ఐసు కరిగించమంటారా?"

వెంకటరత్నం గారు ఒకసారి వల వైపు చూశారు, ఒకసారి సూర్యుడి వైపు చూశారు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "ఎక్కండమ్మా ఎక్కండి. ఎవరూ ఏం చెప్పమాకండి," అని పక్కకు తప్పుకున్నారు. గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకోవడం నేను చూశాను.

మౌనిక మొదట తొట్టిలో కాళ్ళు ముంచి గట్టెక్కింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ కాళ్ళు ముంచి ఎక్కారు. రొయ్య బాగానే పడింది. ఎండ ముదిరేలోగా పని తెమిలింది. గ్రేడింగ్ చేస్తున్నంతసేపూ సామ్రాజ్యం ఏదో ఒకటి అనడం, పక్కవాళ్ళు నవ్వడం. ఇన్నేళ్ళలో పట్టుబడి రోజు గట్టు మీద ఆడవాళ్ళ నవ్వులు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. చుట్టుపక్కల రైతులకు ఒక వాట్సాప్ గ్రూపుంది. మర్నాడే అందులో ఎవరో మా ల్యాబుకు "ఫెమినిస్టుల ల్యాబు" అని పేరు పెట్టారు. కింద వెక్కిరింపు బొమ్మలు. మౌనిక పేరు కూడా రాశారు. కొంతమంది శాంపిల్స్ వేరే చోటికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. నాకైతే ఆ పేరు బిరుదులా అనిపించింది. బోర్డు మీద రాయించుకుందామా అని నవ్వుతూ మౌనిక గదిలోకి వెళ్ళాను. ఆమె మైక్రోస్కోపు ముందు కూర్చుని ఏడుస్తోంది.

పక్కన కూర్చున్నాను. "అది తిట్టు కాదే. నాకు ఎన్నేళ్ళనుంచో ఉన్న పేరది," అన్నాను.

"మీకు కాదు మేడం. నాకు తిట్టే. మా డిప్లొమా క్లాసులో ఒకమ్మాయి ఫెమినిస్టునంది. చదువయిపోయేదాకా ఆ అమ్మాయిని ఆ పేరుతోనే పిలిచి ఏడిపించారు. అది కూడా సరే. ఫెమినిస్టంటే మగవాళ్ళ మీద పడి ఏడిచేదని మా ఊళ్ళో అనుకుంటారు. మా నాన్న ఎండ్రకాయలు పట్టుకుని బతికే మనిషి. ఆడపిల్లకి చేపల చదువేంట్రా అని అందరూ నవ్వుతుంటే రోజూ సైకిలు మీద కాలేజీకి దింపాడు. నేను ఆ పేరు పెట్టుకుంటే, తండ్రి సరిగ్గా చూడక ఇలా తయారైందంటారు. ఆయనకి చెడ్డపేరు తెచ్చే మాట నేనెట్లా అంటానండీ?"

నా చేతిరుమాలు తీసి ఇచ్చాను. కళ్ళు తుడుచుకుని ఆమే మళ్ళీ అంది.

"ఇంకోటి కూడానండి. ఆ రోజు గట్టు కింద నేను ఫెమినిస్టునని అనుంటే సామ్రాజ్యం గారు నా పక్కన నిలబడేవారా? చదువుకున్నోళ్ళ గొడవలే అని పక్కకి తప్పుకునేవారు. చెప్పననే మాట అందరూ అనగలిగిన మాట. అందుకే అందరూ అన్నారు."

నేను ఒప్పుకోలేదు. ఆ పేరు పెట్టుకుని ముందు తరాలవాళ్ళు తిట్లు తినబట్టే నీకు ఆ డిప్లొమా సీటొచ్చిందన్నాను. "తెలుసండి. అందుకే మీరంటే నాకు గౌరవం," అంది. ఇద్దరం ఎవరి మాట మీద వాళ్ళం ఉండిపోయాం. కానీ ఆ రోజు తరవాత ఆ పేరు కోసం ఆమెను నేను ఒత్తిడి చేయలేదు.

వారం తిరక్కుండానే ఆమె తండ్రి నాగాయలంక నుంచి వచ్చాడు. గోనెసంచిలో బతికున్న ఎండ్రకాయలు తెచ్చాడు. కుర్చీ వేస్తే అంచు మీద కూర్చున్నాడు.

"అమ్మగారూ, మా అమ్మాయిని ఫోన్లో ఏదో అన్నారంట. ఫెమినిస్టంట. దానర్థం ఏంటండీ?"

మౌనిక తల దించుకుంది. ఆడదానికి మగవాడితో సమానమైన మర్యాద ఉండాలనేవాళ్ళని అలా అంటారని చెప్పాను.

"మంచి మాటే గదండీ. మరి తిట్టినట్టు ఎందుకన్నారు?"

ఆ పేరంటే గిట్టనివాళ్ళు అలాగే అంటారన్నాను. ఆయన కూతురి వైపు తిరిగాడు. "నన్నేమంటారో అని చూసుకోమాక. ఆ పేరు పెట్టుకుంటావో లేదో నీ ఇష్టం. పని మాత్రం మానమాక." అంతే అన్నాడు. మౌనిక లేచి, ఎండ్రకాయల సంచి నీడకు జరిపే మిషతో బయటికి వెళ్ళిపోయింది. చాలాసేపటి దాకా లోపలికి రాలేదు.

వెంకటరత్నం గారు మాత్రం మమ్మల్ని వదల్లేదు. కొత్త పంటకు చెరువులో రొయ్య పిల్లను వేసే ముందు స్వయంగా ల్యాబుకు వచ్చారు. "అంతకు ముందు రెండు పంటలు పోయినయ్ చెల్లెమ్మా. ఎవరేం చెప్పినా నమ్మే స్థితిలో ఉన్నా. భయంతో అడిగానే గానీ, ఆ పిల్లని కించపరచాలని కాదు," అన్నారు. ఆ మాట నాతో కాదు, మౌనికతో అనండన్నాను. మొహమాటపడుతూనే లోపలికి వెళ్ళి అన్నారు. తరవాత పంట గొప్పగా పండలేదు, పోనూ లేదు. మళ్ళీ ఆ ప్రశ్న మాత్రం ఆయన ఎవర్నీ అడగలేదు. ఆయన చెరువు మీద ఏ గండమూ పడకపోవడం చూసి, పక్క చెరువులవాళ్ళలో కొందరు అడగడం మానేశారు. మానని వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వెళ్ళిపోయిన ఖాతాదారుల్లో కొందరు మెల్లగా తిరిగొచ్చారు.

మౌనిక ఇప్పుడు గుడివాడలో ఉంటోంది. అక్కడ చేపల చెరువులకు మేత అమ్మే సంస్థలో ఫీల్డ్ ఆఫీసరు. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. సామ్రాజ్యం ఎలా ఉందని అడుగుతుంది. దుర్గ సొంతంగా ఒక గ్రేడింగ్ బృందాన్ని నడుపుతోందని చెబితే ఎంత సంతోషపడిందో. ఆ పేరు ఆమె ఇప్పటికీ పెట్టుకోలేదు. నేను వదులుకోనూ లేదు.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది చిన్న సంగతే, కానీ నాకు ఆలస్యంగా అందింది. ఒక పేరుతో పిలుచుకునేవాళ్ళే మనవాళ్ళని అన్నాళ్ళూ అనుకున్నాను. ఎదురుగా నిలబడి అదే పని చేస్తున్న పిల్లను, పేరు ఒప్పుకోలేదని పరాయిదానిగా చూశాను. ఆ పేరు పలకడానికి ఒక్కో ఆడపిల్ల ఒక్కో మూల్యం చెల్లించాలి. మా నాన్నగారి ఇంట్లో నేను చెల్లించినదీ నాగాయలంక దగ్గర పల్లెలో మౌనిక చెల్లించాల్సి వచ్చేదీ ఒకటి కావు. అది తెలిసినందుకు నా నమ్మకం సడలలేదు. ఇంకొంచెం మెత్తబడింది, ఇంకొంచెం వెడల్పయింది. ఆ మేలు చేసిన మౌనికకు నేను రుణపడి ఉన్నాను.

ఇప్పుడు మా ల్యాబులో శాంపిల్స్‌కి వెళ్ళేది ఇద్దరు అమ్మాయిలు. ఒకామె చేరిన రోజే, "నేను ఫెమినిస్టుని మేడం, ముందే చెప్తున్నా," అంది. రెండో ఆమె, "అమ్మో, నేను కాదండి," అంది. మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని దీని మీదే కీచులాడుకుంటారు. నేను మధ్యలో కల్పించుకోను, వింటూ అన్నం తింటాను. ఈలోగా ఏదో చెరువు దగ్గర్నుంచి ఫోనొస్తుంది. ఇద్దరూ చేతులు కడుక్కుని, బూట్లు తొడుక్కుని, శాంపిల్ పెట్టె మధ్యలో పెట్టుకుని ఒకే స్కూటీ మీద వెళ్తారు.